నడుస్తున్న బ్యాచ్‌ల మధ్య సిలబస్ మార్పు: సీఎస్‌ఈ బీటెక్‌లో చిక్కుముడి ఎక్కడ పడుతుంది?

విశాఖపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) విభాగాల్లో సిలబస్ మార్పు మాట ఇప్పుడు వచ్చినంతగా ఎప్పుడూ రాలేదు. మధురవాడలో ఇన్ఫోసిస్ 2023 అక్టోబరులో కేంద్రాన్ని ప్రారంభించింది. 2025లో రుషికొండ దగ్గర టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ తన ఏఐ డేటా సెంటర్‌కు విశాఖను ఎంచుకుని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని చెప్పింది. ఇలాంటి ప్రకటన ఒక్కటి రాగానే తల్లిదండ్రులు, యాజమాన్యాలు, విద్యార్థులు అందరూ అడిగేది ఒకటే: ఆ కంపెనీకి కావలసిన సబ్జెక్టు మన కాలేజీలో ఎందుకు లేదు?

కొత్త సబ్జెక్టుకు పేరు పెట్టి, ఐదు యూనిట్లు రాసి, రెండు పాఠ్యపుస్తకాలు చేర్చడానికి వారం చాలు. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. బీటెక్ నాలుగేళ్ల చదువు. ఏ రోజు చూసినా నాలుగు బ్యాచ్‌లు తరగతుల్లో ఉంటాయి, బ్యాక్‌లాగ్‌లు మిగిలిన పాత బ్యాచ్‌లు పరీక్షల విభాగంలో ఉంటాయి. వీళ్లందరూ చదువుతూ ఉండగానే మార్పు జరగాలి. కొత్త సిలబస్ బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న. పాత సిలబస్‌లో ఉన్న చివరి విద్యార్థి దాకా దారి వేశారా లేదా అన్నది రెండో ప్రశ్న. సమావేశాల్లో సమయమంతా మొదటి ప్రశ్నకే పోతోంది, విద్యార్థికి నష్టం మాత్రం రెండోదాని దగ్గర జరుగుతోంది.

మార్చే అధికారం ఎవరిది?

అన్ని కళాశాలలకూ ఒకే స్వేచ్ఛ లేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన ఇంజినీరింగ్ కళాశాల సిలబస్‌ను తానే నిర్ణయించుకుంటుంది. గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయం కాబట్టి దానిదీ అదే దారి. అటానమస్ (స్వయంప్రతిపత్తి) హోదా ఉన్న కళాశాలలు సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్ (విభాగం సిలబస్ రూపొందించే కమిటీ), దాన్ని ఆమోదించే అకడమిక్ కౌన్సిల్ ద్వారా మార్చుకోవచ్చు, డిగ్రీ మాత్రం మాతృ విశ్వవిద్యాలయం ఇస్తుంది. ఆ హోదా లేని అనుబంధ కళాశాలలకు విశ్వవిద్యాలయం ఇచ్చిందే సిలబస్. ఉత్తరాంధ్రలో ఇలాంటి చాలా కళాశాలలకు 2022లో విజయనగరం కేంద్రంగా వచ్చిన జేఎన్‌టీయూ గురజాడ మాతృ సంస్థ.

అటానమస్ కళాశాలల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎవరుండాలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లోనే ఉంది. విభాగాధిపతి అధ్యక్షుడు. విభాగం అధ్యాపకులతో పాటు అకడమిక్ కౌన్సిల్ నియమించే ఇద్దరు బయటి నిపుణులు, వైస్ చాన్సలర్ నామినీ, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. ఇందులో పరీక్షల విభాగం వాళ్లకు చోటు లేదు. మార్పు భారం ఎక్కువగా మోసేది వాళ్లే కాబట్టి పరీక్షల విభాగం నుంచి ఒకరిని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవడం ప్రతి సంస్థా చేయదగిన పని. ఏ సబ్జెక్టు కోడ్ ఎక్కడ చిక్కుతుందో వాళ్లు ఆ గదిలోనే చెప్పగలరు.

అనుబంధ కళాశాలల చేతుల్లో ఏమీ లేదనుకోవడం కూడా సరికాదు. ల్యాబ్‌లో సాధన ప్రశ్నలు, ఇచ్చిన జాబితాలోంచి ఏ ఎలెక్టివ్ (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టు) నడపాలి, సిలబస్‌కు అదనంగా నడిపే 30 గంటల వాల్యూ యాడెడ్ కోర్సులు, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల ఎంపిక వాళ్ల పరిధిలోవే. చాలా మార్పులకు ఈ మాత్రం వెసులుబాటు సరిపోతుంది.

ఒక్క సబ్జెక్టు కదిపితే

సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా ప్రణాళికలో బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్. మొత్తం స్థిరంగా ఉంది కాబట్టి కొత్తగా 3 క్రెడిట్ల సబ్జెక్టు రావాలంటే ఎక్కడో 3 క్రెడిట్లు పోవాలి. ఏది చేర్చాలన్న దాని మీద గంట చర్చ జరిగితే ఏది తీసేయాలన్న దాని మీద ఐదు నిమిషాలైనా జరగదు. చివరికి ఎవరూ గట్టిగా పట్టుబట్టని సబ్జెక్టు పోతుంది. ఆటోమేటా సిద్ధాంతం, కంపైలర్ డిజైన్ తరచూ ఇలాగే ఎలెక్టివ్ బుట్టలోకి జారుకుంటాయి. ఆ రెండూ గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు రాసే పరీక్ష) కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఉన్నాయన్న సంగతి మూడేళ్ల తర్వాత, గేట్‌కు కూర్చునే పిల్లలకు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మొదటి సెమిస్టర్‌లో సి భాష తీసేసి పైథాన్ పెట్టాలన్నది అందరికీ ఇష్టమైన ప్రతిపాదన. క్రెడిట్లు అవే, గంటలు అవే. కాగితం మీద ఒక్క గడి మారుతుంది.

రెండో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ ఉంటే అందులో లింక్డ్ లిస్ట్ పాయింటర్లతోనే (మెమరీ చిరునామాలతో) రాయిస్తారు. పైథాన్ నేర్చిన పిల్లలకు పాయింటర్ అంటే తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఫోర్క్, పైప్, షేర్డ్ మెమరీ అన్నీ సి మీదే నడుస్తాయి. కంపైలర్ ల్యాబ్‌లో లెక్స్, యాక్ కూడా అంతే. మొదటి ఏడాది అన్ని బ్రాంచిలకూ ఉమ్మడిగా ఉన్న చోట ఈసీఈ, ట్రిపుల్ఈ విభాగాలు ఒప్పుకోవు, ఎందుకంటే వాళ్లకు మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో సి కావాలి. సీఎస్‌ఈ ఒక్కటే విడిపోతే, మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకునే వీలున్న కళాశాలల్లో మారి వచ్చినవాళ్లు పైథాన్ చదవకుండా వస్తారు.

దీన్ని రెండు రకాలుగా సర్దవచ్చు. పైథాన్ మొదటి సెమిస్టర్‌లో, సి రెండో సెమిస్టర్‌లో పెట్టి డేటా స్ట్రక్చర్స్‌ను మూడోదానికి తోయడం ఒకటి. అప్పుడు అల్గారిథమ్స్ నాలుగు, ఐదు సెమిస్టర్లకు జరుగుతుంది. ఇంటర్న్‌షిప్ పరీక్షలు మూడో ఏడాదిలోనే మొదలవుతాయి కాబట్టి ఐదో సెమిస్టర్‌లో అల్గారిథమ్స్ మొదలుపెట్టిన విద్యార్థికి అవి చేజారినట్టే. రెండోది, డేటా స్ట్రక్చర్స్‌ను రెండో సెమిస్టర్‌లోనే పైథాన్‌తో చెప్పి, పక్కనే వారానికి మూడు గంటల సి ల్యాబ్ పెట్టడం. దాని 1.5 క్రెడిట్లను మొదటి ఏడాదిలోని మరో ల్యాబ్ నుంచి సర్దాలి. ఈ రెండో దారే మెరుగు. మెమరీ ఎలా కేటాయించబడుతుంది, ఎలా విడుదలవుతుంది అన్నది చేత్తో రాసి చూడని విద్యార్థి ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో వర్చువల్ మెమరీని బట్టీ పడతాడు తప్ప అర్థం చేసుకోడు.

ఇక అధ్యాపకుల లెక్క. ఒక సెక్షన్‌కు వారానికి 3 గంటల పాఠం, 3 గంటల ల్యాబ్. ల్యాబ్‌కు ఇద్దరు ఉండాలి కాబట్టి సెక్షన్‌కు 9 గంటల పని. ఆరు సెక్షన్లకు 54 గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన లెక్కన ఈ ఒక్క సబ్జెక్టుకే ముగ్గురు పూర్తిగా, నాలుగో మనిషి కొంత మేరకు కావాలి. పదేళ్లుగా సి చెబుతున్న నలుగురికి వేసవిలో వారం రోజుల ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ) పెట్టి పైథాన్ అప్పగిస్తే, వాళ్లు సి ప్రోగ్రాములనే పైథాన్ రూపంలో చెబుతారు. డిక్షనరీ, కాంప్రహెన్షన్ రావలసిన చోట ఇండెక్స్ పెట్టి తిరిగే లూప్ వస్తుంది. ఇందులో అధ్యాపకుల తప్పు లేదు. కనీసం ఒక సెమిస్టర్ ముందు వాళ్లతో చిన్న ఎలెక్టివ్ నడిపించి, ల్యాబ్ ప్రశ్నలన్నీ వాళ్ల చేతే ముందుగా చేయించి ఉంటే ఈ ఇబ్బంది రాదు.

ప్రతి సబ్జెక్టుకూ దీని ముందు ఏది రావాలి, దీని మీద ఏది ఆధారపడింది అన్న రెండు వరుసలు రాసి గోడకు అంటించే విభాగాలు ఇలాంటి దెబ్బ తినవు. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ నుంచి అల్గారిథమ్స్‌కూ ఆటోమేటాకూ, ఆటోమేటా నుంచి కంపైలర్‌కూ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీల నుంచి మెషీన్ లెర్నింగ్‌కూ గీతలు గీస్తే ఏ సబ్జెక్టు కదిపితే ఎన్ని కదులుతాయో ఒక్క చూపులో తెలుస్తుంది. ముఖ్యంగా మెషీన్ లెర్నింగ్‌ను ముందుకు తేవాలన్న ఒత్తిడిలో, ప్రాబబిలిటీ నాలుగో సెమిస్టర్‌లో ఉండగా దాన్ని మూడో సెమిస్టర్‌లో పెట్టడం కొత్త ఏఐ బ్రాంచిల్లో చేయకూడని తప్పు.

చేరిన సంవత్సరం కాదు, చేరిన బ్యాచ్

ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూల పద్ధతిలో రెగ్యులేషన్ (ఒక బ్యాచ్‌కు వర్తించే సిలబస్, పరీక్ష నిబంధనలు) పేరులోనే అది మొదలైన సంవత్సరం ఉంటుంది: ఆర్‌19, ఆర్‌20, ఆర్‌23. 2025–26 విద్యాసంవత్సరాన్ని చూస్తే, 2022లో చేరి నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్లు ఆర్‌20. 2023, 2024, 2025లో మొదటి ఏడాదిలో చేరినవాళ్లు ఆర్‌23. ఇంతవరకు తేలికే.

ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదికి వచ్చేవాళ్ల దగ్గర లెక్క తప్పుతుంది. 2023లో ఈసెట్ ద్వారా వచ్చిన విద్యార్థి 2022 బ్యాచ్‌తో కూర్చుంటాడు కాబట్టి అతనిది ఆర్‌20. అదే ఏడాది ఈఏపీసెట్ ద్వారా మొదటి ఏడాదిలోకి వచ్చినవాళ్లది ఆర్‌23. ఒకే సంవత్సరం చేరిన ఇద్దరికి రెండు వేర్వేరు రెగ్యులేషన్లు. కళాశాల సాఫ్ట్‌వేర్ చేరిన సంవత్సరాన్ని బట్టి రెగ్యులేషన్ కేటాయించేలా ఉంటే లేటరల్ ఎంట్రీ (ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరిన) విద్యార్థులందరికీ తప్పు కోడ్లు పడతాయి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు గానీ ఇది బయటపడకపోవచ్చు. విద్యార్థి రికార్డులో రెగ్యులేషన్‌కు విడిగా ఒక గడి ఉండి తీరాలి.

లేటరల్ ఎంట్రీకి ఇంకో కోణం కూడా ఉంది. మొదటి ఏడాదిలోకి ఏ సబ్జెక్టు జరిపినా అది వీళ్లకు కనపడకుండా పోతుంది. డేటా స్ట్రక్చర్స్‌ను రెండో సెమిస్టర్‌కు తెస్తే శ్రీకాకుళం, పార్వతీపురం పాలిటెక్నిక్‌ల నుంచి వచ్చిన పిల్లలు అది బీటెక్ స్థాయిలో చదవకుండానే అల్గారిథమ్స్ తరగతిలో కూర్చుంటారు. డిప్లొమాలో కొంత చదివినా రికరెన్స్, కాంప్లెక్సిటీ విశ్లేషణ దగ్గర ఆగిపోతారు. మూడో సెమిస్టర్ మొదటి నాలుగు వారాల్లో సాయంత్రం రెండేసి గంటల బ్రిడ్జి కోర్సు పెట్టి, దాన్ని టైంటేబుల్‌లోనే చూపించాలి. టైంటేబుల్‌లో లేని బ్రిడ్జి కోర్సు రెండో వారానికే ఆగిపోతుంది, బస్సు వెళ్లిపోతుందని పిల్లలు లేచిపోతారు.

అందరికంటే కష్టం డిటెయిన్ అయినవాళ్లది. హాజరు చాలక గానీ, క్రెడిట్లు చాలక గానీ ఆగి, కింది బ్యాచ్‌తో తిరిగి చేరితే రెగ్యులేషన్ కూడా మారిపోతుంది. పాత రెగ్యులేషన్‌లో మూడు సెమిస్టర్లు పూర్తి చేసి నాలుగో సెమిస్టర్‌లో కొత్తదానిలోకి వచ్చిన విద్యార్థిని తీసుకుందాం. పాతదానిలో డీబీఎంఎస్ మూడో సెమిస్టర్‌లో ఉంది, చదివాడు, పాసయ్యాడు. కొత్తదానిలో అది నాలుగో సెమిస్టర్‌కు వెళ్లింది, అంటే చదివిందే మళ్లీ వచ్చింది. ప్రాబబిలిటీ పాతదానిలో నాలుగో సెమిస్టర్‌లో, కొత్తదానిలో మూడో సెమిస్టర్‌లో ఉంది. అంటే అది అతనికి అసలు రాలేదు. ఇతనికి డీబీఎంఎస్ స్థానంలో ప్రాబబిలిటీ ఇవ్వాలి. ఆ పరీక్ష కింది సెమిస్టర్ వాళ్లతో రాయాలి, ఆ తరగతి అతని టైంటేబుల్‌తో ఢీకొంటుంది, ఇంటర్నల్ మార్కులు ఎవరు వేయాలో ముందే నిర్ణయించాలి.

దీనికే ఈక్వివలెన్స్ పట్టిక, అంటే పాత సబ్జెక్టుకు కొత్తదానిలో ఏది సమానమో చెప్పే పట్టిక. పాత కోడ్, కొత్త కోడ్, రెండింటి క్రెడిట్లు, తేడా యూనిట్లు, నిర్ణయం అని ఐదు గడులు చాలు. కొన్ని సబ్జెక్టులు పూర్తిగా సమానం. కొన్ని సగం సగం. కొన్నిటికి కొత్తదానిలో జోడీయే ఉండదు. వాటికి ప్రత్యామ్నాయం పేరు పట్టికలోనే రాయాలి, "హెచ్‌వోడీ నిర్ణయం మేరకు" అని వదిలేయకూడదు. హెచ్‌వోడీ మారతారు, పాత నిర్ణయం ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు, ఒకే పరిస్థితిలో ఉన్న ఇద్దరు విద్యార్థులకు రెండు రకాల తీర్పు వస్తుంది. ఈ పట్టికను కొత్త సిలబస్‌తో పాటే అకడమిక్ కౌన్సిల్‌లో ఆమోదింపజేయాలి. సిలబస్ ఆమోదమైన రెండేళ్లకు, మొదటి డిటెయిన్ విద్యార్థి దరఖాస్తు పట్టుకుని వచ్చాక పట్టిక మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. క్రెడిట్ల చివరి లెక్క కూడా అందులోనే చూడాలి. సమానమని గుర్తించిన సబ్జెక్టులు పాతదానిలో 4 క్రెడిట్లు, కొత్తదానిలో 3 అయితే మొత్తం 160 దాటిపోవచ్చు, తిరగబడితే 158 దగ్గర ఆగి డిగ్రీ రాకుండా పోవచ్చు.

ఆ లోటు పూడ్చడానికి ఎన్‌పీటెల్ పనికొస్తుంది. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, 8 వారాలకు 2, 4 వారాలకు 1. ఎన్‌పీటెల్ కోర్సులు ఉండే స్వయం వేదిక మీది కోర్సులను ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు అంగీకరించవచ్చని యూజీసీ 2021 నిబంధన. ఇబ్బంది క్యాలెండర్‌తోనే. ఎన్‌పీటెల్ కోర్సులు జనవరి, జులైలలో మొదలవుతాయి. ఆగస్టు చివర్లో సెమిస్టర్ మొదలయ్యే సరికి జులై విడత రిజిస్ట్రేషన్ గడువు ముగిసి ఉంటుంది. చివరి సెమిస్టర్ విద్యార్థి దీని మీదే ఆధారపడితే ఫలితం కన్సాలిడేటెడ్ మెమో సమయానికి రాకపోవచ్చు. ఏడో సెమిస్టర్ లోపే పూర్తి చేయించడం క్షేమం.

ప్రశ్నపత్రం దగ్గర

కొత్త రెగ్యులేషన్ మొదటి పరీక్షలో ఫలితాలు పడిపోతే పిల్లల స్థాయిని నిందించే ముందు ప్రశ్నపత్రం చూడాలి. బయటి నుంచి వచ్చే పేపర్ సెట్టర్‌కు సిలబస్ కాపీ ఒక్కటే పంపితే, ఆయన పాత పత్రాలు దగ్గర పెట్టుకుని రాస్తారు. పేరు అదే, లోపల ఒక యూనిట్ మారిందన్న సంగతి ఆయన గమనించరు. కొత్త సబ్జెక్టుతో పాటు రెండు నమూనా ప్రశ్నపత్రాలు, మారిన యూనిట్ల జాబితా పంపాలి. అందుకే కోడ్ విషయంలో కచ్చితమైన హద్దు మంచిది: ఐదు యూనిట్లలో ఒకటి మారితే పాత కోడ్, రెండు మారితే కొత్త కోడ్. రెండు యూనిట్లు మారిన సబ్జెక్టు పాత కోడ్‌తోనే కొనసాగితే సప్లీ విద్యార్థికి ఏ పత్రం వస్తుందో పరీక్ష హాల్లో గానీ తెలియదు.

ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న విభాగాలకు ఇంకో పని. ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (డిగ్రీ పూర్తయ్యేసరికి విద్యార్థికి రావలసిన నైపుణ్యాలు) ఇంతకు ముందు 12, ఇప్పుడు 11. సమాజం, పర్యావరణం అని విడివిడిగా ఉన్నవి ఒకటయ్యాయి. అంటే పాత బ్యాచ్‌లు వాటిని ఎంతవరకు సాధించాయన్న అంకెలను కొత్త బ్యాచ్ అంకెల పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం కుదరదు. ఏ బ్యాచ్‌ను ఏ లెక్కన కొలిచారో పైనే రాయాలి.

పనులను వెనక్కి లెక్కేసుకోవాలి. ఆగస్టులో తరగతులు మొదలైతే మే, జూన్‌లలో అధ్యాపకుల శిక్షణ, ల్యాబ్ యంత్రాల్లో సాఫ్ట్‌వేర్ పరీక్ష అయిపోవాలి. ఏప్రిల్‌కు అకడమిక్ కౌన్సిల్ ఆమోదం. జనవరికి బోర్డ్ ఆఫ్ స్టడీస్. దానికి ముందు నవంబరుకు అభిప్రాయ సేకరణ. జూన్ చివర్లో బోర్డ్ పెట్టి జులైలో ఆమోదం తెచ్చుకునే చోట ఈక్వివలెన్స్ పట్టిక, నమూనా పత్రాలు రెండూ దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు.

ఎంత చిన్న మార్పుతో పని జరుగుతుంది?

సబ్జెక్టు పేరులో సాధనం పేరు పెట్టకూడదన్నది పాటించదగ్గ నియమం. హడూప్ (భారీ డేటాను ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) పేరుతో వచ్చిన సబ్జెక్టులు ఆ సాధనం పక్కకు పోయాక కూడా మార్కుల మెమోల్లో అలాగే మిగిలాయి. సబ్జెక్టు పేరు డిస్ట్రిబ్యూటెడ్ డేటా ప్రాసెసింగ్ అని ఉండి, సాధనం పేరు ల్యాబ్ మాన్యువల్‌లో ఉంటే దాన్ని విభాగమే ప్రతి ఏడాదీ మార్చుకోగలదు. కంప్యూటర్ నిపుణుల సంఘాలు ఏసీఎం, ఐఈఈఈ, ఏఏఏఐ కలిసి ఇచ్చిన సీఎస్2023 మార్గదర్శకం కూడా విషయాన్ని 17 జ్ఞాన విభాగాలుగా చెప్పింది, వాటిలో ఏ కంపెనీ సాధనమూ లేదు.

ఏఐ సాధనాల వల్ల వచ్చిన ల్యాబ్ సమస్య కూడా ఇలాంటిదే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాం రాసుకొస్తే అది విద్యార్థి రాసిందని చెప్పలేం. ఇందుకు కొత్త రెగ్యులేషన్ అక్కర్లేదు. ల్యాబ్ ఇంటర్నల్‌లో పనిచేసే ప్రోగ్రాం మనమే ఇచ్చి, ఇరవై నిమిషాల్లో ఒక మార్పు చేయమనాలి: ఈ క్యూను సర్క్యులర్ చెయ్యి, ఈ క్వెరీని జాయిన్ లేకుండా రాయి, ఈ షెడ్యూలర్‌లో ప్రయారిటీ చేర్చు. చేశాక ఎందుకలా చేశాడో రెండు ప్రశ్నలు. అరవై మంది సెక్షన్‌కు ఇద్దరు అధ్యాపకులతో రెండు ల్యాబ్ పూటలు పడుతుంది. సమయం ఎక్కువే, కానీ రికార్డులు దిద్దే సమయాన్ని ఇటు మళ్లిస్తే సరిపోతుంది.

డేటా సెంటర్ విషయానికొస్తే, ఆ పేరుతో 3 క్రెడిట్ల కోర్ సబ్జెక్టు పెట్టడానికి తొందరపడనక్కర్లేదు. డేటా సెంటర్‌లో విద్యుత్తు, శీతలీకరణ పనులు ట్రిపుల్ఈ, మెకానికల్ వాళ్లవి. సీఎస్‌ఈ విద్యార్థికి కావలసింది లైనక్స్ నిర్వహణ, నెట్‌వర్క్ రూటింగ్, వర్చువలైజేషన్, కంటైనర్లు, లోపం వచ్చినప్పుడు లాగ్ చదివి కారణం పట్టుకోవడం. వీటిలో చాలావరకు ఇప్పటికే ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టుల్లోవే, ల్యాబ్‌లో చేయించడమే లేదు. ముందుగా 30 గంటల వాల్యూ యాడెడ్ కోర్సుగా ఒక సెక్షన్‌కు నడపాలి. ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఏ ల్యాబ్ సాధన ఎక్కడ ఆగింది, సర్వర్ గదిలో ఏ పరికరం చాలలేదు అన్నవి రాసుకోవాలి. రెండు విడతలు నడిచాక ఎలెక్టివ్ చేయాలి. ఎలెక్టివ్‌గా రెండేళ్లు వరుసగా ఒక సెక్షన్ నిండితే అప్పుడు కోర్ సంగతి చూడవచ్చు. నిండకపోతే బుట్టలోంచి తీసేయాలి. ఆ తీసేసే తేదీని కూడా ఎలెక్టివ్ పెట్టిన రోజునే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్‌లో రాసిపెట్టాలి.